పెళ్లి విలువ

జూన్ ఇరవై నాలుగు, శనివారం.
ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచుని
చెక్క గరిటెతో గీకుతున్నాను.
ఆ పూటే నా ఇంటి ఆయుష్షు
ఎనభై ఏళ్ల గీత దాటి కిందికి జారింది.
చప్పుడేమీ కాలేదు.
పైకప్పు మీద సీగల్ పక్షులు మాత్రం
ఎవరిదో చిప్స్ పొట్లం కోసం కొట్టుకుంటున్నాయి.

బెక్స్‌హిల్‌లో రెండో అంతస్తు.
బాత్రూం కిటికీలోంచి నడుం దాకా వంగితే సముద్రం.
ఇల్లు కొన్నామనే అనుకున్నాం, ట్రెవర్, నేను.
తాళంచెవి చేతికొచ్చాక తెలిసింది
మేం కొన్నవి కొన్ని సంవత్సరాలట.
నూట పాతికేళ్ల లీజు, డెబ్బై రెండులో మొదలు.
ఇటుకలు, మెట్లు, మెట్ల కింద చీకటి
లెస్టర్‌లో ఒక తలుపుకి తగిలించిన కంపెనీ పేరువి.

ఎనభైకి పైనుంటే ఒక లెక్క,
ఒక్కరోజు తగ్గినా ఇంకో లెక్క.
వకీలు రోజలిండ్ థ్వెయిట్ కళ్లద్దాలు తుడుచుకుంటూ చెప్పింది:
"తగ్గాక కట్టేదాని పేరు పెళ్లి విలువ."
పాత లీజూ నేల హక్కూ
మళ్లీ ఒకటైతే పుట్టే లాభమట.
అందులో సగం నేల యజమానికి.
నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు.
నా విడాకుల కాగితాలు ఆ ఆఫీసులోనే,
ఒక అంతస్తు కింద, ఇంకా సిరా ఆరుతున్నాయి.

హెచ్చరిక ముందే వచ్చింది.
ఎనభై ఒకటి మిగిలుండగా ఒక ఉత్తరం.
ట్రెవర్ దాన్ని వంటింటి సొరుగులో
పాత బ్యాటరీల కింద దాచాడు.
దాచాడనడం న్యాయం కాదు. పెట్టాడు.
ఆ సొరుగు నేనూ తీసేదాన్నే,
కొవ్వొత్తి కోసం, సెలోటేపు కోసం.
అప్పటికే మేం పెద్ద మాటలన్నీ
క్రిస్మస్ తర్వాతకి, వాళ్లమ్మ ఆపరేషన్ తర్వాతకి
నెట్టేస్తూ ఉన్నాం.
పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటాను నేను.
నొప్పిని వాయిదా వేస్తే ఖర్చు పెరుగుతుందని
రోజూ పదిమందికి ఫోన్లో చెబుతాను.
నూరేళ్ల పంట పదహారో ఏటే కోతకొచ్చింది.
కారు అతనికి, ఇల్లు నాకు,
ఉత్తరం సొరుగుకి.

విలువ కట్టడానికొచ్చినాయన, అడెయింకా,
ఎర్రటి లేజర్ చుక్కతో హాలు కొలిచాడు,
పడగ్గది కొలిచాడు,
బాయిలర్ పక్కన అల్మరా కూడా వదల్లేదు.
అక్కడ ట్రెవర్ చొక్కా ఒకటి ఇంకా వేలాడుతోంది.
"ఇది లెక్కలోకి రాదండీ" అని
మర్యాదగా పక్కకి జరిపాడు.

ఆయనకి ఏడొందల ఎనభై పౌండ్లు.
నా వకీలుకి పదకొండొందల యాభై.
అవతలి వకీలుకీ నేనే.
అవతల విలువ కట్టేవాడికీ నేనే.
నాతో పోట్లాడ్డానికి వచ్చేవాళ్లకి
బస్సు చార్జీలిచ్చి పిలిపించుకున్నట్టు.

వాళ్లు పద్దెనిమిది వేలన్నారు. మేం తొమ్మిదన్నాం.
ఆర్నెల్ల తర్వాత
పదమూడు వేల రెండొందల దగ్గర అందరూ అలిసిపోయారు.
అందులో పెళ్లిది ఎంతని అడిగాను.
రోజలిండ్ వేలు కాగితం మీద జారుతూ జారుతూ ఆగింది.
నాలుగు వేల మూడొందల పది.
నా అసలు పెళ్లికి అందులో సగం కూడా కాలేదు,
బ్యాండుతో కలిపి,
వానలో తడిసిన కేకుతో కలిపి.

కొత్త కిటికీల కోసం దాచింది పోయింది.
బాత్రూం కిటికీ పడమటి గాలికి
ఈల వేస్తూనే ఉంది.

తొంభై ఏళ్లు కలిశాయి.
రెండువేల నూట ఎనభై ఏడు దాకా నాది.
అప్పటికి ఈ సముద్రం ఏ మెట్టు మీదుంటుందో.
పై అంతస్తు జిగ్మంట్ గారికి ఎనభై మూడు.
"గ్లెనిస్, లీజుకన్నా ముందు నాకే నూరేళ్లు నిండుతాయి,
నేనెందుకు కట్టాలమ్మా?" అన్నాడు.
కట్టొద్దులెండి అన్నాను.
ఆయన టీలో మూడో చెంచా పంచదార కూడా వేశాను.

ఇకనుంచి నేల అద్దె
ఏడాదికి ఒక్క మిరియపు గింజ,
అదీ వాళ్లు అడిగితేనే.
ఎవరూ అడగరట.
అయినా ఒకటి ఏరి, అగ్గిపెట్టెలో వేసి
అదే సొరుగులో, పైకి కనబడేలా పెట్టాను.
ఆలస్యమైతే
దానికేం పేరు పెడతారో
ఎవరికి తెలుసు.