మొదటిదానికి రెండు

మార్చి మంటలు ఆరిన పదకొండో రోజు
వెండెల్ క్రాట్జ్ నా కౌంటరు ముందు నిలబడి
దాణా సంచీ ఒకటి బోర్లించాడు.
చెవిబిళ్ళలు. పసుపుపచ్చ ప్లాస్టిక్‌వి.
సగం కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి
పాకం ముదిరిన మిఠాయి ముద్దలా ఉన్నాయి.
నంబర్లు కనబడేవి పందొమ్మిది.
మిగతావి మీరే విడదీసుకోండి, అన్నాడు,
మర్యాదగానే.

టెక్సాస్ ఉత్తరపు కొసన పశునష్టాల బల్ల నాది.
గడ్డి తప్ప చెట్టు ఎరగని జిల్లా.
ఇక్కడ గాలికి అడ్డం ముళ్ళకంచె ఒక్కటే
అని మావాళ్ళు మేలమాడుకుంటారు.
ఫారంలో గళ్ళు నేను గీసినవి కావు, నింపుతానంతే:
చూడి ఆవులెన్ని, పాలు మరవని దూడలెన్ని,
ఆబోతులు, ఈనని పెయ్యలు.
ఒక్కోదానికీ ఒక్కో రేటు,
సంత ధరలో నూటికి డెబ్బై అయిదు.
చావుకు కారణం అన్న గడి మాత్రం చిన్నది.
ఒక్క మాట పడుతుంది.

నిప్పు, అని రాశాను.
ఆగమన్నాడు.

అన్నీ నిప్పుకే పోలేదమ్మా.
తెల్లారేసరికి కొన్ని నిలబడే ఉన్నాయి,
కంచె మూలన, ఒకదాన్నొకటి ఆనుకుని.
గిట్టలు ఊడి. పొదుగులు అట్టలు కట్టి.
దూడ వచ్చి మూతి పెడితే
తన్నడానికైనా కాలు లేవలేదు వాటికి.
అవి నలభై.
నేనే, అన్నాడు.
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

పైఆఫీసుకు ఫోన్ చేశాను.
అవతల ఉన్నవాడు, గొంతును బట్టి కుర్రాడే,
రూలు చదివి వినిపించాడు.
తుపాకీకి పోయిన పశువు
విపత్తుకు పోయినట్టా కాదా అన్నది
ఆధారాలను బట్టి ఉంటుందట.
ఆధారాలేమున్నాయి?

వెండెల్ చొక్కా జేబులోంచి రసీదు తీశాడు.
తూటాలు, పెట్టె ఒకటి, యాభై.
మంట మర్నాడు, పొద్దున్న ఏడూ పది.
ఆ పెట్టె కూడా తెచ్చాడు.
మిగిలినవాటిని బల్లమీద నిలబెట్టి
నా కళ్ళముందే లెక్కపెట్టాడు. తొమ్మిది.

లెక్క సరిచూడటం నా బతుకుతెరువు,
చూడకుండా ఉండలేను.
యాభైలో తొమ్మిది పోతే నలభై ఒకటి.
ఆవులేమో నలభై.
అడగకూడదని తెలుసు. అడిగాను.

మొదటిదానికి రెండు, అన్నాడు.

సాక్షి సంతకానికి పక్క పొలం ఒఫీలియా బారియెంటోస్ వచ్చింది.
కాలిన కంచె సగం ఆమెది.
నేను చూడలేదు, విన్నాను, అని రాయమంది.
వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి లెక్కపెట్టిందట.
ఎందుకు లెక్కపెట్టానో తెలీదు, అంది.
ఆమె చెప్పిన అంకె కూడా నలభై ఒకటే.
కుర్రాడు ఒప్పుకున్నాడు.

జూన్‌లో డబ్బు పడింది.
ఆగస్టులో మళ్ళీ వచ్చాడు,
ఎండకు మెడ కమిలి, జేబులో చెక్కుపుస్తకంతో.
కాలిపోయినవాటిలో ఒకటి తీసెయ్యాలి, అన్నాడు.
కాలవ అవతల దొరికింది.
ఒక చెవి లేదు, ఒక కన్ను లేదు,
పక్కన మాత్రం దూడ.
ఎవరూ పట్టుకోకుండా, ఎవరూ పోయకుండా
తనంతట తాను ఈనింది.

కంప్యూటరు దగ్గర పొద్దుగూకేదాకా కూర్చున్నాను.
చచ్చినవాటిని కలపడానికి మూడు దారులున్నాయి.
చచ్చినదాన్ని బతికించడానికి
పైనుంచి అనుమతి రావాలి.
వచ్చేసరికి అక్టోబరు.

ఆ ఉత్తరం అచ్చుతీసింది నేనే.
తమరికి ఒక పశువు నిమిత్తం
అధికంగా చెల్లించబడినది.
ముప్పై రోజుల్లో వాపసు చేయనియెడల
వడ్డీ విధించబడును.
ఈ చివరి వాక్యం దానంతటదే పడుతుంది,
ఎవరికైనా, ఎంతకైనా.

పెన్నుతో కొట్టేశాను.
కింద ఖాళీలో, దూడ ఎట్లా ఉంది, అని రాసి
ఆఫీసు ముద్ర వేసి పంపాను.

సంచీ ఇంకా నా బీరువాలోనే ఉంది.
వేరే ఫైలు కోసం తలుపు తీసినా
కాలిన వెంట్రుక వాసన.
విడదీయటం
ఇంకా మొదలుపెట్టలేదు.