చదవనివి

ఆరుంబావుకి మొదటి ఫెర్రీ.
అంతకుముందు ఇరవై నిమిషాలు నావి.
టికెట్ల గదిలో పొయ్యి ఇంకా రాజుకోదు,
కెటిల్ గునుస్తూ ఉంటుంది,
అద్దం మీద వాన తన పద్దు తాను రాసుకుంటూ ఉంటుంది.
ఫోను తీసి ఫీడ్ రీడర్ తెరుస్తాను.
ఎడమ పక్కన పేర్లు, పేర్ల పక్కన అంకెలు.
చదవనివి: పదకొండు.

వీళ్ళనెవరూ నా ముందుకు తోయలేదు.
నేనే ఏరుకున్నాను,
విత్తనానికి బంగాళాదుంపలు ఏరినట్టు,
ఒక్కొక్కటీ చేతిలో తిప్పి చూసి.

త్రియేస్తేలో అకార్డియన్లు బాగుచేసే దుష్కో
వారానికొక చిరిగిన తిత్తి కథ చెబుతాడు.
నాచుల గురించి రాసే ఆమె ఊరూ పేరూ చెప్పదు.
ఫొటోల్లో బొటనవేలు తప్ప మనిషి కనపడదు,
ఆ గోరు పెరగడం, తెగడం నాకు తెలుసు.
కుతాయిసీలో మఖ్వాలా రొట్టె
నాలుగేళ్ళుగా పొంగడం లేదు.
పొంగిన రోజుల్లో రాయదు కాబోలు.

"ఇంకా ఇదేనా? ఆ పెద్ద యాప్‌లో
అన్నీ వాటంతటవే వస్తాయిగా" అంటాడు రిగోబెర్తో,
తడిసిన తాడు చుట్టుకుంటూ.
వస్తాయి.
సంతలో తప్పిపోయిన పిల్లాడి చేతిలో
ఎవరెవరో మిఠాయి పెట్టినట్టు వస్తాయి.
ఇక్కడ రాసినవాళ్ళు రాసిన వరసలో వస్తారు.
అయిపోతే అయిపోయినట్టే.
అడుగున ఒక గీత, "ఇక ఏమీ లేవు" అన్న మాట.
ఆ మాట చెప్పే యంత్రాన్ని
నేను ఇంకెక్కడా చూడలేదు.

పాత రీడర్ మూసేస్తున్నామని
ఒక చలికాలం నోటీసు పెట్టారు.
మా చిలోయే దీవిలో ఇల్లు మారడమంటే
ఇల్లే మారడం.
కింద దుంగలు దూర్చి, ఎడ్లు కట్టి,
ఊరంతా తాళ్ళు పట్టి లాగుతారు. మింగా అంటాం.
అమ్మమ్మ ఇల్లు లాగినప్పుడు నాకు ఆరేళ్ళు.
కిటికీ తెరలు కూడా తీయలేదు,
అలమరలో పింగాణీ గిన్నెలు
గలగలమంటూనే కొండ దిగాయి.
ఆ రాత్రి నేనూ అంతే,
డెబ్భై రెండు పేర్లనీ ఒక్క ఫైలులో కట్టి
కొత్త చోట దించాను.
లాగినవాళ్ళకి వండిపెట్టే పని లేదు, అదొక్కటే వెలితి.
దించాక లెక్కపెడితే డెబ్భై ఒకటి.
జారిపోయిందెవరో ఇప్పటికీ గుర్తు రాదు.
పోయినందుకు కాదు,
గుర్తు రానందుకు గుచ్చుకుంటుంది.

అట్టడుగున నోల్వెన్.
బ్రిటనీ ఒడ్డున గవ్వలేరే మనిషి.
చివరిసారి రాసింది రెండే ముక్కలు:
"రేపు పెద్ద పాటు. బూట్లు ఇంకా ఆరలేదు."
ఐదేళ్ళయింది.
పలకని పేర్లను తీసేయమంటావా అని
రీడర్ అప్పుడప్పుడు అడుగుతుంది, మర్యాదగానే.
వద్దంటాను.
బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంటే
కూర్చున్నవాళ్ళకేం అడ్డం?

మంగళవారం ఆ పేరు పక్కన
ఒకటి.

ఫెర్రీ కూత పెట్టింది.
చేపల లారీ డ్రైవరు అద్దం మీద నాణెంతో కొట్టాడు.
ముగ్గురికి టికెట్లు చింపి,
ఇద్దరికి చిల్లర తప్పు ఇచ్చాను.
తెరవలేదు.

ఇలాంటి ఒకట్లు నాకు కొత్త కాదు.
పేరు ఎవరికో అమ్ముడుపోయి
పాత గుమ్మంలో జూదం దుకాణం వెలిసి ఉంటుంది.
కాకపోతే కూతురో, పొరుగామో
రాయలేక రాసిన నాలుగు వరసలు.
కాకపోతే
బూట్లు ఆరాయేమో.

ఇవాళ శుక్రవారం.
దుష్కోకి సరైన మేకతోలు దొరికిందట.
నాచు పక్కన బొటనవేలికి కట్టు ఉంది,
ఎందుకో చెప్పలేదు.
రొట్టె పొంగలేదు.
చదవనివి: ఒకటి.

పొయ్యిలో ఇంకో కట్టె వేశాను.
ఫెర్రీకి ఇంకా తొమ్మిది నిమిషాలుంది.