రెండు బుట్టల పిక్కలు

హైమావతి టీచరు సెప్పింది నిజమే.
అంగన్‌వాడీ గోడకి బొమ్మ కూడా అంటించినారు:
ఫోను మీద అడ్డంగా ఎర్రగీత, పక్కన నవ్వుతున్న పిల్ల.
ఆ పిల్ల పక్కన
జీడిపిక్కల బుట్ట మాత్రం ఎవలూ గీయలేదు.

కాశీబుగ్గలో పొద్దున్న ఆరున్నరకల్లా
పిక్కలు కొట్టే మిషను ముందు కూకుంటాను.
కాలితో తొక్కడం, సేత్తో తిప్పడం,
పెంకు పగిలినప్పుడల్లా సుర్రుమని సిమ్మే నూనె.
సేతులకి ఆముదం, ఆముదం మీద బూడిద,
ఐనా తోలు ఊడొస్తాది ఉల్లిపొరలాగ.
మా మోక్షితకి మూడేళ్లు.
మొదటి వారం నా పక్కన బుద్ధిగా కూకుంది.
రెండో వారం ఒక పెంకు నోట్లో ఎట్టుకుంది.

పెదాలు పొంగిపోనాయి. ఏడు రోజులు
గంజి సెంచాతో పోసినాను.
ఎనిమిదో రోజున ఫోను సేతికిచ్చినాను.

తప్పే అనండి, పడతాను.
మా అత్త "కళ్లు పోతాయే" అంటాది,
అనీసి, తనే దాని పక్కన సేరి
ఏనుగు తానం సేసే వీడియో మళ్లీ ఎట్టమంటాది.
మా ధర్మారావు పారాదీపు నుంచి అరుస్తాడు
పిల్లకి ఫోను ఇవ్వొద్దని, ఫోనులోనే.
అది అద్దం మీద ముద్దెడితే
ఆ రాత్రికి ఊరుకుంటాడు.
గున్నమ్మప్ప లెక్క ఏరు:
"నూతిలో పడలేదు, లారీ కింద పడలేదు,
కూకున్న కాడే ఉన్నాది. ఇంకేటి కావాలే నీకు?"

ఇంకేటి కావాలో నాకూ సరిగ్గా తెల్దు.
"అమ్మా" అని పిలిసినప్పుడు
దాని కళ్లల్లో నానున్నానా, నీలం ఎలుగే ఉన్నాదా అని
వంగి సూస్తాను.

నా బొటనేలు ఫోనుకి పట్టదు.
తుడిసినాను, పమిటకి రుద్దినాను.
రేషను డిపో మిషనూ ఇదే మాట అన్నాది.
గీతలన్నీ పిక్కల్లో పోనాయి.
సెల్లు షాపు కుర్రోడు ఇసిగిపోయి
పిల్ల ఏలు ఎక్కించినాడు నవ్వుతూ.
నాకూ నవ్వొచ్చింది ఆ పూట.
ఇప్పుడు మా ఆయనతో మాటాడాలన్నా
దాన్నే బతిమాలాలి.
లాక్కున్నా నా సేతిలో అది నల్ల పలకే.

నిన్న మజ్జానం కూడు తిన్నాక
అది నా అరసెయ్యి తిప్పింది.
నల్లమచ్చ మీద రెండేళ్లు ఆనించి
మెల్లగా ఇడదీసింది, పెద్దది సేసి సూద్దామని.
అవలేదు.
మళ్లీ ఇడదీసింది.
"అమ్మా, నీ సెయ్యి పాడైపోనాది" అన్నాది.

ఫోను పక్కనెట్టి అంతసేపు నన్ను సూడ్డం
అదే మొదలు.
ఏటన్నా సెప్పాల్సింది.
గంట కొట్టీసినారు.

ఛార్జి పదమూడుంది.
ఇంకా రెండు బుట్టలు.