ఎనిమిది గజాలు

మా కంప్యూటర్లో లీగు పుట్టింది తొంభై ఆరులో.
అంతకు ముందు ఏడాది కొడితే
ఎర్రగా "చెల్లదు" అంటుంది.

రెండు బస్సులు మారి బార్కస్ నుంచి వచ్చాడు
సాలం చావూష్.
సంచిలో జామకాయలు, వాటి అడుగున
చెమ్మ పట్టిన లెక్కల పుస్తకం.
నూట పదకొండు గోల్స్, ఉర్దూలో, పెన్సిలుతో.
మూడింటి పక్కన "వాన".
ఒకదాని మీద అడ్డగీత:
గోలీ కాలు జారి పడ్డాడట.
కొట్టిందీ ఆయనే, కొట్టేసిందీ ఆయనే.

"అప్పటి లీగు వేరు చాచా,
జట్లే ఎనిమిది," అన్నాను.

వాదించలేదు.
లేచి గోడ నుంచి అడుగులు కొలిచాడు.
గది చాలక
వరండాలోకి వెళ్లి ఆగాడు.
"అప్పుడూ ఇంతే వెడల్పు బేటా."

సాయంత్రం జామకాయ కొరుకుతూ
పట్టికలో మొదటి పేరు పైన
ఒక గడి తెరిచాను.
ఎర్రగా అడిగింది:
ఏ సంవత్సరం?