సొట్టలు

పెట్టె మూత తీయగానే ముందు వాసన వచ్చింది.
తడిసిన రెల్లు, సిగరెట్టు మసి, చెమట పీల్చిన వెల్వెట్.
"పై స్వరాలు పలకడం లేదు, మిస్టర్ కొవాచ్" అన్నాడు
అల్ఫోంజో ట్రెడ్‌వెల్, టోపీ ఒళ్లో పెట్టుకుని.
బయట క్లీవ్‌లాండ్ మీద మంచు పడుతోంది.

నేను వాయించను. ఎడమచేతి రెండు వేళ్లు ఉక్కు మిల్లు తినేసింది.
అయితేనేం, దీపం కింద తిప్పి చూస్తే
ఇత్తడి తనంతట తనే నోరు విప్పుతుంది.

మెడ దగ్గర ఈ సొట్ట?
"టల్సా దారిలో. బస్సు గోతిలో పడింది.
పద్నాలుగు మందిమి, ఏ హోటలూ మాకు తలుపు తియ్యదు,
సార్డీన్ డబ్బాల విందు బస్సులోనే.
ఆ రాత్రే డాన్సు హాల్లో చెక్కనేల ఊగిపోయింది,
మేనేజరు పరుగున వచ్చి, కాస్త నెమ్మదిగా వాయించండి,
కింద దూలాలు పాతవి, అన్నాడు."

మరి గరాటు అంచున?
"ఒమాహాలో. ఎవడో నా మొహం మీదికి సీసా విసిరాడు.
ఇది అడ్డొచ్చింది."
నవ్వాడు. పై వరసలో ఒక పన్ను లేదు.
"రెండో సీసాకి ఇదీ అడ్డు రాలేదు."

పాట సంగతి నేనడగలేదు, తనే చెప్పాడు.
న్యూయార్కులో నాలుగో అంతస్తు, లిఫ్టు చెడిపోయిన రోజు.
పియానో మీద మోచెయ్యి ఆన్చి ఒకాయన సగమే విని
చాలన్నాడు. ముప్పై డాలర్లు. ఒక సంతకం.
"ఓవర్‌కోటు కొన్నాను. మంచి కోటు.
పదకొండేళ్లు వచ్చింది."

తన పేరు అచ్చైన రికార్డు ఒక్కటే ఉండేదట.
యుద్ధంలో లక్క దొరక్క
పాతది తెస్తేనే కొత్తది అమ్ముతామన్నారు దుకాణాల వాళ్లు.
అత్తగారు పట్టుకెళ్లి ఇచ్చేసింది.
"నన్ను కరిగించి ఎవరి గొంతు పోత పోశారో!"

దుకాణంలో దీపం ఆర్పాను.
గొట్టంలోకి చిన్న బల్బు దించాను.
గాలి పోయే చోటల్లా వెలుగు కారుతుంది.
చీకట్లో వెలిగిందది,
రాత్రివేళ దూరంగా పోతున్న బస్సు కిటికీల్లా.
ఇద్దరం కాసేపు చూస్తూ ఉండిపోయాం.

"సొట్టలు ఉంచెయ్యనా?" అన్నాను, కొందరు ఉంచుకుంటారని.
"తీసెయ్యండి" అన్నాడు టక్కున.
"శనివారం చర్చి హాల్లో పెళ్లి. అద్దంలా ఉండాలి."

ప్యాడ్లు పద్దెనిమిది. సొట్టలు తొమ్మిది.
ఎనిమిది డాలర్లు, రెండు వాయిదాల్లో.
సరిచూడ్డానికి కింది స్వరం ఒక్కటే పట్టాడు, దీర్ఘంగా.
అరలో సీసాల్లోని మరలు సన్నగా మోగాయి.

మర్నాడు మంగలి షాపులో
గడ్డం మీద నురగతో వాలి ఉంటే రేడియోలో వచ్చింది ఆ పాట,
వయొలిన్లు ఇంత పంచదార పాకం పోసి.
చివర్న ఎవరిదో పేరు చెప్పారు, అతనిది కాదు.
"ఇదెవరిదో తెలుసా?" అన్నాను.
మంగలి కత్తి పక్కన పెట్టి,
రేడియోని వెనక్కి తిప్పి,
కంపెనీ పేరు చదివాడు.