ముద్దుపేరు

మస్కట్‌లో బయట నలభై ఆరు.
నా చేతుల దగ్గర మైనస్ ఎనభై.
ఫ్రీజర్ తలుపు తీస్తే పొగ,
చంటిపిల్ల తలకి సాంబ్రాణి పట్టినట్టు.

చాక్లెట్లు చేసే ఊళ్ళో బయటపడిందట ఈ హార్మోను,
అందుకే పేరులో ముద్దుందని
డాక్టర్ జువైనా నవ్వింది.
యాభై నాలుగు పూసల దండ.
పుట్టిన గడ్డ వదిలి ఒక కణం
ఊపిరితిత్తులకి బయల్దేరబోతే
గుమ్మంలో చెయ్యి అడ్డం పెడుతుంది.

వలస ఆపేది!
మెడలో రెసిడెంట్ కార్డు ఊగింది, నేనూ నవ్వాను.

రాత్రి రాజోలు నుంచి అక్క ఫోను:
"గీర్వాణి పెద్దమనిషైందే. చిమ్మిలి దంచుతున్నాం, చూస్తావా?"
వీడియోలో పిల్ల మొహం తిప్పేసుకుంది.
ఈ దండే, మెదడు అడుగున,
ఏ అపరాత్రో దాన్ని తట్టి లేపుంటుంది,
నేనిక్కడ ట్యూబులకి నంబర్లు అంటిస్తుండగా.

ఇవాళ కాలేయం ముక్కలు. స్లైడు పదిహేడు.
ఇందులో ఆపుతున్నట్టు లేదు,
పో, పో అంటున్నట్టుంది.
కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను.
రిజిస్టర్లో రాశాను:
తేలలేదు. మళ్ళీ చెయ్యాలి.

గ్లవ్స్ విప్పి వేళ్ళు వాసన చూసుకున్నాను.
పౌడరు.
నువ్వులు కాదు.