నువ్వేం చదువుతున్నావు, ఓవర్

రాత్రి తొమ్మిదింటికి
గొర్రెల లెక్కలూ పడవ వేళలూ అయ్యాక,
ఎవరి కంచె తెగిందో ఎవరికి ఏ మందు కావాలో
చెప్పుకోవడం అయ్యాక,
రేడియోలో కాసేపు గాలి ఒక్కటే ఉంటుంది.
అప్పుడు ఉల్దా గొంతు సవరించుకుంటుంది:
"సరేగానీ, ఎవరేం చదువుతున్నారు? ఓవర్."

చిలీ దేశం కొసన
పటం చిరిగి పేలికలైనట్టుండే చోట
మావి పదకొండు ఇళ్లు.
ఇంటికీ ఇంటికీ నడుమ ఒక సముద్రపు పాయ.
మనిషి దాటడానికి పూట పడుతుంది,
మాట దాటడానికి బొత్తాం నొక్కితే చాలు.

ఉల్దా పుస్తకమంటే చెవి కోసుకుంటుంది.
కానీ దీపంలో నూనె పొదుపు, రోజుకొక్కటే పేజీ.
ఆమె నవలలో పెళ్లికూతురు
మార్చిలో గుర్రబ్బండి ఎక్కింది.
ఇది జూలై. ఇంకా చర్చి కనబడలేదు.
"నిన్న చక్రం ఊడింది" అంది బెంగగా.
ఆ రాత్రి మేమంతా
చక్రం గురించే ఆలోచిస్తూ పడుకున్నాం.

బెలార్మీనో దగ్గరున్నది పక్షుల పుస్తకం.
తన కిటికీ మీద వాలే పిట్ట అందులో లేదని
రాసినవాడి మీద కేసు వేస్తానంటాడు.
కోడలు ఇర్నా నిఘంటువు చదువుతోంది.
కథ నడవదు గానీ
మాటలు మాత్రం భలే ఉన్నాయంటుంది.

నాది వాన కొలిచే ఉద్యోగం.
నేను చదివేది వేడి దేశాల వంటల పుస్తకం.
మామిడికాయ అనే దాన్ని
రెండువందల పద్నాలుగో పేజీలో తప్ప
ఎక్కడా ఎరగను.
దాని పులుపు గురించి నేను చెప్తుంటే
పదకొండు ఇళ్లలో నోరూరుతుంది.

సెలెదోనియో ఆఖర్న మాట్లాడతాడు.
అతని పుస్తకంలో ఒక కుర్రాడు
చచ్చిపోయిన తల్లి కుట్టుమిషన్ని పడవలో పెట్టుకుని
నదికి ఎదురెక్కుతున్నాడు.
ప్రతి రేవులోనూ ఎవరో ఒకరు చినిగినది పట్టుకొస్తారు:
తెరచాప, జెండా,
ఒకచోట ఒక ముసలాయన, వట్టి చేతులతో.
ఏం కుట్టాలని కుర్రాడడిగితే
"కూర్చో, ఆలోచిస్తున్నా" అన్నాడట.
ఇంత బాగా ఎవరు రాశారని అడిగితే
అట్ట ఊడిపోయిందంటాడు.

ఉండబట్టలేక అడిగాను:
నీదయ్యాక నాకు పంపవూ, ఓవర్.
గాలి. చాలాసేపు గాలి.
"పంపుతాను."

మూడు పడవలు మారి పద్దెనిమిది రోజులకొచ్చింది,
మైనపుగుడ్డలో చుట్టి, మేకతోలు తాడుతో కట్టి.
విప్పాను.
పడవ ఇంజను విడిభాగాల జాబితా.
మరలు, వాషర్లు, వాల్వులు, వాటి నంబర్లు.
నది లేదు. కుర్రాడు లేడు.
పొయ్యిలో కట్టె పెట్టి మళ్లీ మొదటినుంచి తిరగేశాను.
ప్రతి పేజీ మూలా
నూనె మరక, వేలిముద్ర.
అంటే ప్రతి పేజీ తిప్పాడు.
రాత్రికి ఇన్ని చొప్పున, దీపం దగ్గర పెట్టుకుని,
మాకు చెప్పడానికి.
ఎనభై ఏడో పేజీ దగ్గర
గుర్తుకి ఒక చేప పొలుసు.

తొమ్మిదైంది. చక్రం బాగుపడిందట.
అందరి తర్వాత ఉల్దా అడిగింది:
"నువ్వేం చదువుతున్నావు? ఓవర్."

బొత్తాం నొక్కి పట్టుకున్నాను.
నొక్కి ఉంచినంతసేపూ అవతలివాళ్లు వినబడరు,
ఆ రాత్రికి అదే మేలనిపించింది.
"సెలెదోనియో పుస్తకం అందింది.
నా కళ్లు మునుపటిలా లేవు, అక్షరాలేమో నలుసులు.
ఎనభై ఏడు దాకా వచ్చాను.
పాపం, మిషన్ సూది విరిగింది కదా,
తర్వాతేమైందో నువ్వే చెప్పాలి. ఓవర్."

వదిలేశాను.
గాలి.
ఎవరి ఇంట్లోనో కుక్క.
మళ్లీ గాలి.

"సూది విరగలేదే" అన్నాడు సెలెదోనియో,
కాస్త కోపంగానే.
"నువ్వేదో పేజీ దాటేసినట్టున్నావు. ఓవర్."